పాత రెక్కలు ఎవరి చేతికి?

ఎనభై ఏళ్ల కిందటి విమానాన్ని బాగుచేసి మళ్లీ ఎగరేయాలా, తుడిచి రంగేసి మ్యూజియంలో నిలబెట్టాలా అన్నది విమానాల లోకంలో ఎంతకీ తెగని వాదన. ఇప్పుడు దానికి ఇంకో కొస కలిసింది. ఆ విమానాల లోతు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇరవైల్లో ఉన్న పైలట్లకు వాటిని విప్పడం, బిగించడం, నడపడం నేర్పాలా? నేర్పితే ఎవరి డబ్బుతో, ఏ నేల మీద, ఎవరి పూచీ మీద?

మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకు ఈ గొడవతో పనేమిటి అనిపించవచ్చు. దొనకొండ ఉంది కనుక పని ఉంది. యుద్ధకాలపు ఏరోడ్రోము, దాని చుట్టూ ఉద్యోగాల కోసం వలసపోయే యువత, ప్రతి ఎన్నికలకూ ఒకసారి తిరిగొచ్చే విమానాశ్రయం మాట, ఈ మూడూ ఒకేచోట ఉన్న ప్రాంతాలు తెలుగునాట ఎక్కువ లేవు.

దొనకొండ దాకా వచ్చిన యుద్ధం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలోనే తెలుగు నేల మీద ఏరోడ్రోములు వరసగా లేచాయి: గన్నవరం, రాజమండ్రి పక్కన మధురపూడి, తాడేపల్లిగూడెం, బాగా లోపలికి దొనకొండ. తీరానికి దూరం కావడం, గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు వెళ్లే రైలుదారి పక్కనే ఉండడం దొనకొండకు కలిసొచ్చాయి. విమానాలు ఇక్కడ దిగి ఇంధనం నింపుకొని పోయేవి.

యుద్ధం ముగిశాక వీటి దారులు వేరయ్యాయి. గన్నవరం, మధురపూడి ప్రయాణికుల విమానాశ్రయాలుగా బతికి బట్టకట్టాయి. తాడేపల్లిగూడెం విమానాశ్రయ భూముల్లో ఇప్పుడు ఎన్‌ఐటీ నడుస్తోంది. దొనకొండ అటూ ఇటూ కాకుండా ఉండిపోయింది. భూమి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. విమానం మాత్రం రాదు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజధాని చర్చలో దొనకొండ పేరు గట్టిగా వినిపించింది. ఆ తర్వాత పారిశ్రామికవాడ అన్నారు, ఇటీవల భారత్ డైనమిక్స్ వారి క్షిపణి అనుబంధ కర్మాగారం ప్రతిపాదన ముందుకొచ్చింది.

ఈ ఊరికి ఇంకో చరిత్ర ఉంది. విమానాల గురించి మాట్లాడేవాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తారు. మీటర్ గేజి రోజుల్లో దొనకొండ రైల్వే ఊరు. ఆవిరి ఇంజిన్ల లోకో షెడ్డు, దాన్ని నమ్ముకున్న ఫిట్టర్లు, బాయిలర్ పనివాళ్లు, డ్రైవర్ల కుటుంబాలతో నిండిన కాలనీ అది. ఆవిరి పోయింది, గేజి మారింది, షెడ్డు మూతపడింది. ఊరు పోగొట్టుకున్నది రన్‌వేను ఒక్కదాన్నే కాదు, పనిముట్టు పట్టే చేతులను కూడా. ఈ వ్యాసంలో తర్వాత వచ్చే వాదనలన్నీ తిరిగి తిరిగి ఆ చేతుల దగ్గరికే వస్తాయి.

మనం బాగుచేసినవి, ఎవరో ఎగరేసినవి

పాత విమానాలకు ప్రాణం పోయడం మనకు కొత్త విద్య అనుకుంటే పొరపాటు. యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో పోగుపడిన లిబరేటర్ బాంబర్లను మళ్లీ ఎవరికీ పనికిరాకుండా చితక్కొట్టి వదిలేశారు. బెంగళూరు హెచ్‌ఏఎల్ వాళ్లు ఆ శిథిలాల్లోంచి నలభైకి పైగా విమానాలను లేపి వైమానిక దళానికి అప్పగించారు. తుక్కులోంచి లేచిన ఆ నాలుగు ఇంజిన్ల విమానాలు 1968 దాకా మనకు సేవ చేశాయి. విరమించాక వాటిలో కొన్ని బ్రిటన్, కెనడా, అమెరికా మ్యూజియాలకు చేరాయి. ఒకటి అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ చేతిలో పడి దశాబ్దాల పాటు అక్కడి ఆకాశంలో ఎగిరింది.

1970ల చివర్లో మన స్థావరాల మూలల్లో పడి ఉన్న స్పిట్‌ఫైర్, టెంపెస్ట్ యుద్ధవిమానాలను బ్రిటిష్ సేకర్తలు కొని ఓడలెక్కించుకుపోయారు. అప్పట్లో ఇక్కడ వాటిని తుక్కుగానే చూశారు. ఇప్పుడు అదే రకం విమానం కోట్లు పలుకుతుంది.

1980ల చివర పాలం కేంద్రంగా వైమానిక దళం పాత విమానాలను ఎగరేసే వింటేజ్ ఫ్లైట్ మొదలుపెట్టింది. కొన్నాళ్లు నడిచి అది మూలపడింది. 2012 వైమానిక దళ దినోత్సవంలో పాత శిక్షణ విమానం టైగర్ మాత్ మళ్లీ ఎగిరినప్పుడు చప్పట్లు మోగాయి, కానీ దాన్ని బాగుచేసింది బ్రిటన్‌లో. 2018లో వచ్చిన రవాణా విమానం డకోటా ‘పరశురామ’ కథా అంతే. అప్పటి ఎంపీ రాజీవ్ చంద్రశేఖర్ తన తండ్రి, డకోటా పైలట్ అయిన ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ గౌరవార్థం దాన్ని కొని, కొవెంట్రీలోని రిఫ్లైట్ ఎయిర్‌వర్క్స్‌లో బాగుచేయించి కానుకగా ఇచ్చారు. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సైనికులను దించిన డకోటా గుర్తుగా దానికి వీపీ905 అనే సంఖ్య పెట్టారు. ఏప్రిల్ 17న కొవెంట్రీలో లేచి, మధ్యధరా, అరేబియా మీదుగా ఆగుతూ ఆగుతూ 25న జామ్‌నగర్‌లో దిగింది.

విమానం మనది, చరిత్ర మనది, దాత మనవాడు, పనితనం మాత్రం పరాయిది. ఒకప్పుడు తుక్కులోంచి లిబరేటర్లు లేపిన దేశం టైగర్ మాత్‌కు గుడ్డ తొడిగించడానికి విదేశం వెళ్లాల్సిరావడం ఈ చర్చలో అందరూ ఒప్పుకోవాల్సిన మొదటి సత్యం.

నిలబెట్టాలనేవారు

వీరి వాదన సూటిగా ఉంటుంది. ఎగిరే విమానం అరుగుతుంది; అరిగిన ముక్క మార్చాలి; మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది పాత పేరు, కొత్త లోహం. మిగిలినవే కొద్ది కనుక వాటిని పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదంటారు. విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142 ఈ పక్షానికి తెలుగునాట మంచి ఉదాహరణ. 29 ఏళ్లు, 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరిన నౌకాదళ విమానం 2017 డిసెంబర్ నుంచి మ్యూజియంగా ఉంది. లక్షల మంది లోపలికి ఎక్కి చూశారు. ఎగిరే విమానాన్ని అంత మంది తాకలేరు.

ఇందులో బలం ఉంది, బలహీనతా ఉంది. నిలబెట్టిన విమానం భద్రంగా ఉంటుందన్నది సగం నిజం. ఉప్పుగాలి అల్యూమినియాన్ని తింటుంది, తిరగని ఇంజిన్ లోపల తుప్పు పడుతుంది, ఎండ గుడ్డను కాలుస్తుంది. పైగా నిలబెట్టిన విమానం నడిపే విద్యను కాపాడదు, ఆకారాన్ని కాపాడుతుంది.

ఎగరేయాలనేవారు

రిచర్డ్ షటిల్‌వర్త్ 1928లో మొదలుపెట్టిన సేకరణ ఇంగ్లండులోని ఓల్డ్ వార్డెన్‌లో ఇప్పటికీ ఎగురుతోంది. బ్రిటిష్ వైమానిక దళపు స్మారక దళం 1957 నాటిది. విమానమంటే శబ్దం, వాసన, కదలిక. అవి లేనిది బొమ్మ అని వీరి మాట. కొంచెం భావుకత ఎక్కువే అయినా, వీరి దగ్గర గట్టి సాంకేతిక వాదన ఒకటుంది: ఎగిరే విమానాన్ని క్రమం తప్పక విప్పి చూస్తారు, కనుక దాని లోపాలు బయటపడతాయి, దాన్ని బాగుచేసే పని తరం నుంచి తరానికి అందుతుంది.

బడి పక్షం, నకలు పక్షం

మూడో పక్షానికి విమానం కన్నా పైలట్ ముఖ్యం. టైగర్ మాత్, హెచ్‌టీ-2, పుష్పక్ వంటి తోకచక్రం లేదా తోకకర్ర విమానాల్లో బరువు కేంద్రం ముందు చక్రాలకు వెనక ఉంటుంది. నేల మీద కాస్త పక్కకు తిరిగితే ఆ తిరుగుడు పెరుగుతూ పోతుంది. కాళ్లు క్షణం ఆలస్యమైతే విమానం గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంటుంది. అసలు టైగర్ మాత్‌కు బ్రేకులు లేవు, సెల్ఫ్ స్టార్టరు లేదు. ఒకరు ముందు నిలబడి చేత్తో ప్రొపెల్లర్ తిప్పాలి. ఇలాంటి విమానం మీద చేయి తిరిగిన పైలట్ గాలిని ఒంటితో చదవడం నేర్చుకుంటాడని వీరి నమ్మకం. 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447ను వీరు తరచూ ఎత్తిచూపుతారు: ఆటోపైలట్ తప్పుకున్నాక, ఎత్తు కోల్పోతున్న విమానపు ముక్కును కిందికి దించాల్సింది పోయి పైకి లాగుతూనే ఉన్నారని.

వాదన ఆకట్టుకుంటుంది, అయితే దీనికి ఒక చిక్కు ప్రశ్న ఉంది. అదే పాఠం గ్లైడర్‌లోనూ, కొత్తగా తయారైన తోకచక్రం శిక్షణ విమానంలోనూ దొరుకుతుంది కదా? 1931లో మొదట ఎగిరిన డిజైన్ ఎందుకు? దీనికి బడి పక్షం ఇప్పటిదాకా ఇచ్చిన జవాబులు బలహీనంగానే ఉన్నాయి. నడపడం ఒక్కటే నేర్పాలనుకుంటే పాత విమానం అక్కర్లేదు. బాగుచేయడమూ నడపడమూ కలిపి నేర్పాలనుకుంటేనే దాని అవసరం కనిపిస్తుంది. అలా కలిపి చెప్పేవాళ్లు తక్కువ.

నాలుగో పక్షం అసలు విమానాన్ని వదిలేసి అనుభవాన్ని పట్టుకుంటుంది. జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబర్ 15న పుస్ మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చారు. ఆ టపాను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. యాభై ఏళ్ల తర్వాత 78 ఏళ్ల వయసులో జె.ఆర్.డి. లెపర్డ్ మాత్‌లో మళ్లీ అదే ప్రయాణం చేశారు. 2021 అక్టోబర్ 15న యువ పైలట్ ఆరోహి పండిట్ భుజ్ నుంచి జుహూకు వచ్చి ఆ ప్రయాణాన్ని గుర్తుచేశారు, కానీ తేలికపాటి కొత్త విమానంలో. దారి పాతది, యంత్రం కొత్తది. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ. మన దేశ పరిస్థితుల్లో కుర్రవాళ్లకు వెంటనే అందేది ఇదే. బాగుచేసే విద్య మాత్రం దీనితో రాదు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టమవుతుంది. మొదటిది వస్తువును కాపాడుతుంది, నాలుగోది జ్ఞాపకాన్ని. రెండోది వస్తువునూ విద్యనూ కాపాడాలని చూస్తుంది, అందుకు ఎక్కువ డబ్బూ, ఒక్కోసారి ప్రాణాలూ చెల్లిస్తుంది. మూడోది మనిషిని తయారుచేస్తానంటుంది, ఎలాగో పూర్తిగా చెప్పలేదు.

ప్రమాదాలు చెప్పేది

గత పదేళ్ల ప్రమాదాలు ఈ వాదనను బాగా వేడెక్కించాయి. 2015 ఆగస్టు 22న ఇంగ్లండులోని షోరమ్‌లో హాకర్ హంటర్ జెట్ విన్యాసం చేస్తూ రోడ్డు మీద కూలింది. చనిపోయిన 11 మందీ నేల మీద ఉన్నవాళ్లే. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్‌లో పాత జు-52 విమానం కూలి 20 మంది పోయారు. 2019 అక్టోబర్ 2న అమెరికాలోని బ్రాడ్లీలో కాలింగ్స్ ఫౌండేషన్ వారి బీ-17 బాంబరు కూలి ఏడుగురు, 2022 నవంబర్ 12న డాలస్ ప్రదర్శనలో రెండు విమానాలు గాలిలో ఢీకొని ఆరుగురు చనిపోయారు. 2024 మే 25న బ్రిటిష్ స్మారక దళపు స్పిట్‌ఫైర్ కూలి దాని పైలట్ మరణించారు.

కుర్రవాళ్ల చేతికి పాత విమానం ఇవ్వకూడదు అనేవారు ఈ జాబితాను చూపిస్తారు. జాబితా వాళ్ల మాటను బలపరచదు. ఈ ఐదింటిలోనూ విమానం నడుపుతున్నవాళ్లు అనుభవజ్ఞులు. జు-52 పైలట్లు వైమానిక దళంలో పనిచేసినవారు. దర్యాప్తులో తేలింది లోయల్లో మరీ తక్కువ ఎత్తున, ప్రమాదకరంగా ఎగిరే అలవాటు, దానితోపాటు నిర్వహణలో లోపాలు. బీ-17 దర్యాప్తూ నిర్వహణ లోపాలనే వేలెత్తి చూపింది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆ ఫౌండేషన్‌కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతిని రద్దుచేసింది. డాలస్‌లో విమానాల మధ్య ఎత్తు తేడా ఉండేలా ముందే ప్రణాళిక వేయలేదు.

అంటే చెడింది వయసు దగ్గర కాదు, వ్యవస్థ దగ్గర: ఎవరు తనిఖీ చేశారు, ఎవరు ‘వద్దు’ అనగలిగారు అన్న చోట. ఈ లెక్కన యువ పైలట్‌కు ముందు నేర్పాల్సింది ఎగరడం కాదు, ఎగరనని చెప్పడం. మనకూ ఒక చేదు పాఠం ఉంది. హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం ఇంజిన్ సమస్యలతో ఎందరినో బలిగొన్నా నడుస్తూనే ఉంది. 2009 జులైలో హైదరాబాద్ సమీపాన ఇద్దరు శిక్షకులు మరణించాకే దాన్ని నేలకు దించారు.

చట్టంలో చోటు లేని వస్తువు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండితేనే వస్తువు పురావస్తువు అవుతుంది. 1958 నాటి కట్టడాల చట్టమూ వందేళ్లే అడుగుతుంది. యుద్ధకాలపు విమానానికీ, దొనకొండ రన్‌వేకూ ఎనభై పైచిలుకు. వారసత్వం కావడానికి వయసు చాలదు, మామూలు విమానంగా ఎగరడానికి వయసు మించిపోయింది.

బ్రిటన్‌లో ఇలాంటి వాటికి ‘పర్మిట్ టు ఫ్లై’ అనే వేరే దారి ఉంది. అమెరికాలో ప్రదర్శన విమానాలకు ప్రత్యేక విభాగముంది. మన దేశంలో 1934 నాటి విమాన చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. అయితే ఔత్సాహికుడికి దారి ఇంకా కష్టమే. ముంబయిలో ఇంటి మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కు రిజిస్ట్రేషన్ 2017లో, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చాయి. ఆయన వృత్తి పైలట్. మార్కాపురం కుర్రవాడు అదే పని తలపెడితే ఎన్నేళ్లు పడుతుందో ఊహకు వదిలేయవచ్చు.

పైలట్ లైసెన్సు నిబంధనలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి. విద్యార్థి పైలట్‌కు 16 ఏళ్లు, ప్రైవేటు లైసెన్సుకు 17 ఏళ్లు, 40 గంటలు. వాణిజ్య లైసెన్సుకు 18 ఏళ్లు, 200 గంటలు. ఆ 200 గంటల ఖర్చుకే పొలాలు అమ్ముకునే కుటుంబాలున్నప్పుడు, ఉద్యోగానికి లెక్కకు రాని పాత విమానం గంటలకు ఎవరు డబ్బు కడతారన్నది బడి పక్షం తప్పించుకోలేని ప్రశ్న.

రన్‌వే కన్నా ముందు షెడ్డు

మన దగ్గర చర్చ ఎప్పుడూ రన్‌వే దగ్గర మొదలవుతుంది. ఎన్ని మీటర్లు, ఏ విమానం దిగుతుంది, ఎవరు ప్రారంభిస్తారు. పాత విమానాల విషయంలో ఇది తలకిందుల లెక్క. ఒక టైగర్ మాత్ సంవత్సరంలో గాలిలో గడిపేది కొద్ది గంటలు, షెడ్డులో గడిపేది మిగతా కాలమంతా.

షెడ్డులో పని ఏమిటో చూస్తే ఈ ప్రాంతానికి అది ఎంత దగ్గరో తెలుస్తుంది. రెక్క లోపల స్ప్రూస్ దూలాలు, కర్ర పక్కటెముకలు; వాటి మీద నారగుడ్డ లేదా నూలుగుడ్డ బిగించి, దారంతో కుట్టి, డోపు అనే ద్రావకం పొరలుపొరలుగా పూస్తే గుడ్డ డప్పులా బిగుసుకుంటుంది. ఇనుప గొట్టాల చట్రానికి వెల్డింగు, తీగలకు సరైన బిగువు, 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ ఇంజిన్‌లో సిలిండర్ల పని. వడ్రంగం, కుట్టుపని, వెల్డింగు, ఫిట్టింగు. మార్కాపురం పలకకు చట్రం కట్టిన చేతులకూ, మూతపడ్డ లోకో షెడ్డు కుటుంబాలకూ ఈ మాటలు పరాయివి కావు. తేడా కొలతల కచ్చితత్వంలో, ప్రతి పనినీ రాసిపెట్టే క్రమశిక్షణలో ఉంది. ఆ రెండూ నేర్పితే వచ్చేవే.

విమానం ఎంపికలోనూ కొంచెం నేల మీద ఉండాలి. అందరి కళ్లూ స్పిట్‌ఫైర్ మీద ఉంటాయి. కానీ మొదలుపెట్టాల్సింది పుష్పక్‌తో. 1958 సెప్టెంబర్ 28న మొదట ఎగిరిన ఈ హెచ్‌ఏఎల్ రెండు సీట్ల విమానం మీదే మన ఫ్లయింగ్ క్లబ్బుల తరం ఒకటి పుట్టింది. గొట్టాల చట్రం, గుడ్డ కప్పు, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్. విడిభాగాలు ప్రపంచంలో ఇంకా దొరుకుతాయి. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ ఇలాంటి పిస్టన్ ఇంజిన్లకు కావాల్సిన పెట్రోలును, అంటే ఏవ్‌గ్యాస్‌ను, దేశంలోనే తయారుచేస్తోంది కనుక ఇంధనం చిక్కూ కొంత తగ్గింది, సీసం లేని పెట్రోలు వైపు ప్రపంచం జరుగుతున్న మాట నిజమే అయినా.

వాతావరణం రెండు వైపులా పదునున్నది. పశ్చిమ ప్రకాశం పొడి గాలిలో అల్యూమినియం తీరంలో కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అదే ఎండ కర్రను బీటలు వారుస్తుంది, గుడ్డను చివుకు పట్టిస్తుంది. నలభై దాటిన మే నెల మధ్యాహ్నం పలచబడిన గాలిలో చిన్న ఇంజిన్ విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి.

తేలనివి

మొదటిది, చోటు. ఎగిరే శిక్షణకు పొరుగున కడప ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కొత్త శిక్షణ సంస్థల కోసం ఎంచుకున్న విమానాశ్రయాల్లో అదొకటి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు 2021లో తెరుచుకుంది. ఆ రెండూ ఉండగా దొనకొండకు రన్‌వేగా అవసరముందా, షెడ్డుగా ఉంటే చాలదా అన్నది ఎవరూ విడిగా లెక్క కట్టలేదు. పక్కన క్షిపణి కర్మాగారమే వస్తే ఆకాశం ఎంతవరకు తెరిచి ఉంటుందన్నది ఇంకో ముడి.

రెండోది, డబ్బు. షటిల్‌వర్త్ ఒక సంపన్న కుటుంబపు ట్రస్టు మీద, ‘పరశురామ’ ఒక దాత మీద నిలిచాయి. అమెరికాలో 1992 నుంచి సాగుతున్న యంగ్ ఈగిల్స్ కార్యక్రమం ఇరవై లక్షలకు పైగా పిల్లలను ఎక్కించుకుని తిప్పింది, అదంతా సొంత విమానాలున్న ఔత్సాహికుల దయ. మనకు అలాంటి సంఖ్యలో ఔత్సాహికులు లేరు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ తన చిన్న విమానాలతో కొంత చేస్తోంది. దానికి పునరుద్ధరణ షెడ్డును జోడించడం అన్నిటికన్నా చవకైన దారిగా తోస్తుంది, ఇంతవరకు ఆ దిశగా ప్రయత్నం కనిపించదు.

మూడోది, అన్నిటికన్నా మొండిది, సంతకం. బాగుచేసిన విమానం ఎగరడానికి తగినదని లైసెన్సున్న ఇంజినీరు సంతకం చేయాలి. పిస్టన్ ఇంజిన్ల విభాగం కాగితం మీద ఉన్నా, ఉద్యోగాలన్నీ జెట్‌ల దగ్గరే ఉండడంతో విద్యార్థులు అటే పోతున్నారు. కర్ర దూలం, డోపు గుడ్డ తెలిసిన ఇంజినీర్లలో చాలామంది పదవీ విరమణ చేసేశారు. వాళ్లు ఉండగానే ఒకరి పక్కన ఒకరు కూర్చుని పని నేర్చుకునే పద్ధతికి నిబంధనల్లో చోటు కల్పిస్తారా, లేక కొవెంట్రీకే మళ్లీ పంపుతారా అన్నది మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎదుట ఉన్న ప్రశ్న. ఐటీఐ ఫిట్టరు పట్టా ఉన్న గిద్దలూరు అబ్బాయి రెండేళ్లు పుష్పక్ రెక్క మీద పనిచేస్తే, ఆ రెండేళ్లను ఏ లైసెన్సులో ఏ గడిలో రాయాలో ఇప్పటి పద్ధతి చెప్పదు.